తార్నాక మలుపులో ‘పైలం’

ఈ రోజు కుంటుకుంటూ హాస్టల్ మెట్లు దిగుతుంటే, మా రూమ్మేట్ నర్సింలు కింది నుంచి “పైలం, పైలం!” అని అరిచాడు. క్యాంపస్ సైకిల్ పందెంలో పడి కాలికి కట్టుతో ఉన్నవాణ్ణి ఫస్టని వెక్కిరిస్తే ఒళ్లు మండదా?

“ఫస్టొచ్చింది నేను కాదుగా!” అన్నాను.

“ఫస్టేంది? పైలమంటె జాగ్రత్త అని! ఉర్దూల పహ్లా అనుకున్నవా ఏంది బై?”

కాకినాడ నుంచి ఈమధ్యే వచ్చినవాణ్ణి, అలాగే అనుకున్నాను. మొన్న పందెంలో, తార్నాక మలుపు దగ్గర జనమంతా “పైలం” అని మొత్తుకుంటుంటే, నేనే ముందున్నానని మురిసిపోయి, హ్యాండిల్ వదిలేసి అందరికీ దండం పెట్టాను.

ఇలాంటి మాటలు ఇంకేమైనా ఉంటే ఈ గోడపత్రిక కిందే రాసి పుణ్యం కట్టుకోండి. నాకు మిగిలింది ఒక్క కాలే.