ఎడమ భుజం

మా మేనత్త పొద్దున్నే దుకాణం షట్టరు సగమే ఎత్తేది. ఆ సగం వెలుతురులో ఇస్త్రీబల్ల మీద కూర్చుని టీ తాగుతూ, తన బ్లాగు కింద కొత్తగా వచ్చిన కామెంట్లు చదువుకునేది. బాగున్నవి మావయ్యకు వినిపించేది. ఆయన పేపరులోంచి తల ఎత్తకుండానే ఊఁ కొట్టేవాడు.

అత్త ఆడవాళ్ళ బట్టలు కుట్టే దర్జీ. ఇంటి ముందుగదే దుకాణం. ఒక మూల పరదా కట్టి, కొలతలు తీసే చోటు చేసుకుంది. ఆ పరదా వెనక్కి వచ్చినవాళ్ళు ఎందుకోగానీ మనసు విప్పి మాట్లాడేవారు. టేపు నడుము చుట్టూ తిరుగుతుంటే, ఎదుటి మనిషి నోటినిండా గుండుసూదులు పెట్టుకుని జవాబు చెప్పలేకుండా ఉంటే, చెప్పుకోవడం తేలిక కాబోలు. అలా విన్నవే అత్త 'పరదా వెనక' అనే బ్లాగులో రాసేది. "నీ నోట్లో సూదులున్నంతసేపే ఊరికి క్షేమం" అని మావయ్య ఎగతాళి చేసేవాడు.

అత్తకు తన నియమం తనకుంది. పేరు రాయదు. ఉద్యోగం మారుస్తుంది, వీధి మారుస్తుంది, పిల్లలున్నవాళ్ళకు లేరని రాస్తుంది. కన్నతల్లి చదివినా కూతుర్ని పోల్చుకోలేదని ఆమె ధీమా. వాళ్ళనే ఒక మాట అడిగి రాయొచ్చు కదా అని నేనంటే, అడిగితే ఎవరు ఒప్పుకుంటారే పిచ్చిమొహమా అని నవ్వేసింది.

కరెంటు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే ఒకామె అత్త దగ్గర చాలాకాలంగా కుట్టించుకునేది. ఆమె ఒక రోజు ఇస్త్రీ అక్కర్లేని గుడ్డ తెచ్చి, అన్నీ ఒకే తీరుగా కుట్టమంది. ఎందుకని అడిగితే, ఇస్త్రీ పెట్టె లేని చోటికి వెళ్తున్నానంది. దూరపు ఊరికి బదిలీ అడిగిందట. అది రాగానే ఒక్కర్తే వెళ్ళిపోతుంది, ఇక తిరిగిరాదు. ఇంట్లో ఎవరికీ తెలియదు. భర్త కొట్టడు, తిట్టడు. ఆమె ఏదైనా చెప్పబోతే టీవీ గొంతు పెంచుతాడు. ఏళ్ళ తరబడి అంతే.

అత్త ఆ మాటల్ని మోస్తూ తిరిగి తిరిగి చివరికి రాసేసింది. గుమాస్తాను నర్సును చేసింది. భర్తను వ్యాపారిని చేసింది. టీవీని రేడియో చేసింది. ఒక్కటి మాత్రం మార్చలేదు. 'ఆమె ఎడమ భుజం కుడిదానికంటే అరంగుళం దిగువ. అందుకే ఎడమవైపు మాత్రం లోపల ఒక మెత్త పెట్టి కుడతాను. చూసేవాళ్ళకు రెండూ సమానమే' అని రాసింది. మనిషిని మార్చి రాయడం ఆమెకు చేతనయింది, కొలత తప్పు రాయడం చేతకాలేదు.

ఆ వాక్యమే అందరికీ నచ్చింది. దాని కింద ఎక్కడెక్కడి ఆడవాళ్ళో తమ సంగతులు రాసుకున్నారు. అది ఆ గుమాస్తా ఆడపడుచు కూడా చదివింది. అంతకు ముందు చలికాలం ఆమె, అత్త కుట్టిన వదిన కోటు అడిగి తొడుక్కుని, ఒక భుజానికే మెత్త ఎందుకుందా అని ఆశ్చర్యపోయిందట. ఇప్పుడు ఆ వాక్యం తీసుకెళ్ళి అన్నకు చూపించింది.

ఆ మర్నాడు గుమాస్తా వచ్చింది. పరదా వైపు వెళ్ళలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది.

"నీకు చెబితే గోడకు చెప్పినట్టేననుకున్నానక్కా."

అత్త గబగబా ఫోను తీసి, ఇప్పుడే తీసేస్తానంది.

"తీసేస్తే అది నేనేనని నువ్వు సంతకం పెట్టినట్టు. ఆయనా, మా ఆడపడుచూ పొద్దుటి నుంచీ ఫోను ముందేసుకుని కూర్చున్నారు, ఉందా తీసిందా అని."

"మరేం చెయ్యమంటావు?"

"కల్పించానని రాయి. అలాంటి మనిషే లేదని రాయి."

"దాని కింద అంతమంది తమ గోడు చెప్పుకున్నారమ్మా. వాళ్ళకేం చెప్పను?"

"వాళ్ళు నీకు పేర్లు కూడా చెప్పలేదు. నేను సాయంత్రం ఆ ఇంటికే వెళ్ళాలి."

ఆ రెండు వాక్యాలు రాయడానికి అత్తకు మధ్యాహ్నమంతా పట్టింది. మావయ్య ఆ రోజు ఎగతాళి చేయలేదు. తనే షట్టరు దించి, భోజనానికి రమ్మని రెండుసార్లు పిలిచి ఊరుకున్నాడు. ఇందులో మనిషి లేదు, అంతా నా అల్లిక అని అత్త రాసిపెట్టాక, కింద కోపాలు మొదలయ్యాయి. 'మా అమ్మకు కూడా చెప్పనిది మీకు చెప్పాను. మీరు నాకు కథ చెప్పారా?' అని ఒకావిడ రాసింది. అత్త దానికి జవాబు టైపు చేసింది, చెరిపేసింది, మళ్ళీ చేసింది. నిజం చెబితే గుమాస్తా బయటపడుతుంది. చెప్పకపోతే తను అబద్ధాలకోరు. చివరికి ఏమీ పంపలేదు.

గుమాస్తా ఇంట్లో మాత్రం గొడవ చల్లబడింది. ఉత్త కథకా ఇంత రాద్ధాంతం చేశామని భర్త నవ్వాడట. అయినా ఒక మాట అన్నాడట, నిజంగా బదిలీ అడిగి ఉంటే ఆఫీసుకొచ్చి అందరి ముందూ తేల్చుకునేవాణ్ణని. అడగలేదని ఆమె ఒట్టు వేసింది.

కొన్ని వారాలకు ఆమె తన బట్టలు తీసుకోవడానికి వచ్చింది. అత్త ఒక్కొక్కటీ మడిచి సంచిలో పెడుతుంటే, బదిలీ ఉత్తర్వు వచ్చిందని చెప్పింది. అత్త మొహం విప్పారింది.

"ఎప్పుడెళ్తున్నావు?"

"వద్దని రాసిచ్చేశాను."

"అదేమిటమ్మా?"

"అలాంటి మనిషి లేదన్నావుగా అక్కా" అంది ఆమె. ఆ మాటలో కోపం కూడా లేదు. సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పరదా వెనక ఎవరైనా నోరు విప్పబోతే అత్త చెయ్యి ఆగిపోయేది. చెప్పొద్దమ్మా అనలేకపోయేది, వినకుండా ఉండలేకపోయేది. ఒకరికి నడుము కొలత తప్పింది, ఇంకొకరికి చేతులు పొట్టివయ్యాయి. బ్లాగు తీసేద్దామంటే మళ్ళీ ఆ ఇంట్లో అనుమానం లేస్తుందని భయం. అది అలాగే ఉంది, పైన ఆ రెండు వాక్యాలతో.

ఇప్పుడు అత్త స్కూలు యూనిఫారాలు మాత్రమే కుడుతోంది. కొలతలు స్కూలువాళ్ళే పంపుతారు.