డరోతీగారి వంటింటి షెల్ఫ్

ఈ రోజు మొదటిసారి సుత్తి పట్టాను. అమెరికాలో మేముండే నోవై ఊళ్లో డరోతీ అనే పెద్దావిడకు ఊరివాళ్లందరూ కలిసి ఇల్లు కడుతుంటే నేనూ సాయానికి వెళ్లాను. ఎవరో తెచ్చిన టేప్‌రికార్డర్‌లో పాటలు వింటూ, వంటింటి షెల్ఫ్‌ని నా చెయ్యి అందే ఎత్తులో హుషారుగా బిగించేశాను. పని చూస్తున్న మూర్తిగారు టేపు పెట్టి కొలిచారు.

"ఇది మరీ కిందికైపోయిందమ్మా. మేకులు పీకి మళ్లీ ఫిక్స్ చేద్దాం."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంతలో నాకన్నా పొట్టిగా ఉండే డరోతీ వచ్చి, తన కాఫీ కప్పును షెల్ఫ్ మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు.

"దీన్ని కదపొద్దు. స్టూలెక్కకుండా నాకు అందిన మొదటి షెల్ఫ్ ఇదే" అన్నారు ఇంగ్లీషులో.

మూర్తిగారు నవ్వుతూ సుత్తి పక్కన పెట్టేశారు. నేను ఇంటికి రాగానే మన షెల్ఫులూ కిందికి దించమని మావారిని అడిగాను. ఆరడుగుల మనిషి, ఇంకా ఆలోచిస్తున్నారు. మీ ఇళ్లలో షెల్ఫులు ఎవరి ఎత్తుకు బిగించారో చెప్పండి.