అత్తగారి తెల్ల గుడ్డ

మా అత్తగారు బడి మొహం చూడలేదు గానీ, మా నీళ్ల ఇంజను ఆవిడ మాటే వినేది. మామగారి మాట కూడా అంతగా వినేది కాదు. ఈ సంగతి ఆయన ముందు అనే ధైర్యం నాకు లేదు. ఆయన కోపం ముక్కు మీదే ఉండేది.

మాది కూరగాయల నారు పెంచి అమ్మే ఇల్లు. పెరట్లో డీజిల్ ఇంజను, పక్కనే నిలువెత్తు ఇనప పొయ్యి. గింజ ఒలిచిన మొక్కజొన్న బెండ్లు అందులో వేసి, గాలి తక్కువగా వదిలి కాలిస్తే గ్యాస్ వస్తుంది. దాన్ని చల్లార్చి, వడగట్టి ఇంజనుకు ఇస్తాం. లోపల మంట అంటుకోవడానికి కాస్త డీజిల్ ఎలాగూ కావాలి. మిగతా ఆకలంతా గ్యాసే తీరుస్తుంది.

పొయ్యి పని అత్తగారిది. బెండు విరిచి చప్పుడు వినేవారు. టప్పున విరిగితే పొయ్యిలోకి, లేకపోతే ఎండలోకి. తర్వాత గ్యాస్ గొట్టానికున్న చిన్న కుళాయి తిప్పి, మూతి దగ్గర తెల్ల గుడ్డ పట్టేవారు. నల్లటి జిగురు మరక పడితే ఆ గ్యాస్ ఇంజను గుమ్మం తొక్కకూడదు.

"కోడలికి కూడా ఇన్ని పరీక్షలు పెట్టలేదు కదత్తయ్యా!" అని ఏడిపించేదాన్ని.

"నువ్వు పాడైతే మీ అమ్మకి చెప్పుకుంటాను. ఇంజను పాడైతే ఎవరికి చెప్పుకోను?" అనేవారు.

నేను కాపురానికొచ్చిన రెండో వేసవిలో వారం రోజులు డీజిల్ దొరకలేదు. ఇంట్లో మిగిలింది సగం డబ్బా. ఉత్త డీజిల్‌తో అయితే ఒక్క పూట, గ్యాస్ కలిపితే మూడు రోజులు. మడుల్లో టమాటా నారు తలలు వాల్చేసింది. అది పోతే ఆ ఏడాదికి మాకు ఇంకో ఆధారం లేదు.

ఆ పొద్దున మామగారూ మా ఆయనా డీజిల్ వెతకడానికి వెళ్లారు. కాసేపటికి అత్తగారు మోకాళ్ల నొప్పులకి ఆస్పత్రికి బయల్దేరుతూ, "నేనొచ్చేదాకా పొయ్యి ముట్టుకోకమ్మాయ్" అన్నారు. నారును చూస్తుంటే నాకు కాలు నిలవలేదు. కొత్తగా వచ్చిన పచ్చి బెండ్లే చేతికందాయి. గుడ్డ పట్టి చూడలేదు. గంటన్నర బ్రహ్మాండంగా నడిచింది. నన్ను నేనే మెచ్చుకుంటుండగా ఇంజను దగ్గి, కొట్టుకుని, ఆగిపోయింది. మళ్లీ తిరగనంది.

అందరూ దాదాపు ఒకేసారి ఇల్లు చేరారు. మామగారు ఇంజను మూత విప్పారు. వాల్వులు నల్లటి జిగురుతో అతుక్కుపోయి ఉన్నాయి.

"ఎవరు చేశారీ పని?"

అత్తగారు చేతిసంచి కింద పెట్టారు.

"నేనే. వెళ్లేముందు పెట్టి వెళ్లాను. గుడ్డ చూడ్డం మర్చిపోయా."

మామగారు ఆవిడ వంక చూశారు, నా వంక చూశారు. ఒంటికాలి మీద లేస్తారనుకున్నాను. "స్పానర్లు అందుకో" అని మాత్రం అన్నారు. అందరం కూర్చుని వాల్వులు తోమాం. అత్తగారు అటక మీద దాచిన ఎండు బెండ్లు దించారు. సాయంత్రానికి మడుల్లో నీళ్లు పారాయి. రెండు మడులు పోయాయి, మిగతా నారంతా బతికింది. ఆ రాత్రి ఆవిడ కాళ్లు పట్టుకుని ఏడ్చాను.

ఇప్పుడు అత్తగారికి మోకాళ్లు సహకరించడం లేదు. పొయ్యీ గుడ్డా నా చేతికొచ్చాయి. పదిహేనేళ్ల తర్వాత, మొన్న, ఉండబట్టలేక మామగారి ముందు నిజం ఒప్పేసుకున్నాను.

"తెలుసులేమ్మా," అన్నారాయన. "మీ అత్తేంటి, గుడ్డ మర్చిపోవడమేంటి! ఆవిడకున్న పేరల్లా అదొక్కటే. దాన్నే వదులుకుని నిన్ను కాసింది. నోటిదాకా వచ్చిన కోపం నేను మింగింది ఆ ఒక్క రోజే."