గిన్నె నిండా బాడుగ

ఈ ఏడు ఎండలు ముదరకముందే కడపలోని మా ఇంటి గేటు సందులో ఆస్తి పన్ను నోటీసు ఒకటి దూర్చిపెట్టి పోయారు. అచ్చు వాసన ఇంకా పోలేదు. స్థలం ఇంత, కట్టడం ఇంత, విలువ ఇంత అని వరసగా వేసిన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను. ఇంట్లో ఎవరు కాపురముంటున్నారన్న మాట అందులో ఎక్కడా లేదు. నా చిన్నప్పుడు ఆ ఒక్క మాట మీదే మా ఇంట్లో పది రోజులు ఎవరికీ ముద్ద దిగలేదు.

మాది బండల మిద్దె. వేసవిలో పగలంతా కాగిన నాపరాళ్లు పొద్దుగూకినా అరికాళ్లకు చురుక్కుమనేవి. మా నాయన తల్లి, మేము జేజి అని పిలిచే ఆమె, బిందెలతో నీళ్లు చల్లితే వెచ్చటి ఆవిరి లేచేది, అందులో వేపపూల వాసనా, తడిసిన దుమ్ము వాసనా, పక్కింట్లో కాలుతున్న జొన్నరొట్టె వాసనా కలిసిపోయి వచ్చేవి. వీధి అరుగు బండ మీద బారాకట్ట గళ్లు ఎవరు చెక్కారో తెలియదు గానీ, పిల్లలందరం చింతగింజలు అరగదీసి తెచ్చుకుని మధ్యాహ్నాలన్నీ ఆ గళ్ల చుట్టూనే గడిపేవాళ్లం.

ఆ అరుగును ఆనుకుని రెండు ముందరి గదులు. వాటిలో బాడుగ పెద్దమ్మ ఉండేది. రాజంపేట వైపు నుంచి భర్త ఉద్యోగం మీద వచ్చి బాడుగకు దిగిన మనిషి. భర్త పోయాక జేజి ఆమె దగ్గర డబ్బు తీసుకోవడం మానేసింది. ఊరికే ఉండడం ఆమెకు మింగుడుపడలేదు. అందుకని ప్రతి నెలా ఒకటో తేదీ పొద్దున్నే తలస్నానం చేసి, ఇత్తడి గిన్నె ఒకటి కొంగు కప్పి తెచ్చి, వంటింటి గడప మీద పెట్టి, “అత్తా, ఈ నెల బాడుగ” అనేది. ఎండాకాలమైతే అందులో మజ్జిగ మిరపకాయలు, ఉగాది పడిన నెలలో నెయ్యి కారే ఓళిగలు, దీపావళికి కజ్జికాయలు, ఏమీ తోచని నెలల్లో వెల్లుల్లి దండిగా వేసి దంచిన చెనక్కాయల పొడి. ఆమెకు బాడుగ పెద్దమ్మ అన్న పేరు పెట్టింది మా తాత, జేజినాయన. ఆమె కూడా నవ్వుతూనే పలికేది.

ఒక మధ్యాహ్నం నేను అరుగు మీద ఒక్కదాన్నే గింజలు వేసుకుంటుంటే మునిసిపాలిటీ మనిషి టేపు పట్టుకుని వచ్చాడు. నాకు తొమ్మిదేళ్లు. పెద్దవాళ్లు లోపల నిద్రలో ఉన్నారు.

“ఈ గదుల్లో ఎవురుంటారు పాపా?”

“బాడుగ పెద్దమ్మ.”

“బాడుగ సరిగ్గా ఇస్తాదా?”

“ఒకటో తారీకు తప్పదు. గిన్నె నిండా ఇస్తాది” అన్నాను, మా ఇంటి గొప్ప చెబుతున్నాననుకుని. ఆయన పెద్దగా నవ్వి, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

అప్పట్లో పన్ను వేసే పద్ధతి వేరు. ఈ ఇల్లు బాడుగకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో అంచనా కట్టి, దాని మీద పన్ను వేసేవారు. సొంతదారే కాపురముంటే అందులో కొంత రాయితీ. నెల తిరక్కముందే వచ్చిన నోటీసులో మా రాయితీ ఎగిరిపోయింది. ముందరి గదులు బాడుగవని రాసి, వీధిలో నడిచే రేటు చూసి పన్ను పెంచారు.

“మునిసిపాలిటీకి మన ఇంటి గుట్టంతా చెప్పినావు గదనే, కలెక్టరమ్మా!” అన్నాడు జేజినాయన.

“బిడ్డనంటావేం? ఆ పేరు పెట్టింది ఎవురు? నువ్వు గాదా?” అని జేజి విరుచుకుపడింది.

జేజినాయన సోలెడు గింజలకు మూడంగళ్లు తిరిగి బేరమాడే మనిషి. ఆ సాయంత్రమే రాయితీ తిరిగి ఇమ్మని అర్జీ రాశాడు. మర్నాడు పొద్దున పెద్దమ్మ ఇనుప పెట్టె అరుగు మీదికి వచ్చింది.

“నా మూలాన మీకు ఎక్కువ పన్ను ఎందుకు మామా. మా చెల్లెలి ఊరికి పోతా.”

“ఆ చెల్లెలి మొగుడు నీకు ముద్ద పెడతాడనుకుంటాండావా? పెట్టె లోపల పెట్టు” అంది జేజి.

పెద్దమ్మ వినలేదు. అర్జీ మీద విచారణకు మునిసిపాలిటీ సారు వస్తాడు, వచ్చి పోయినాక బయల్దేరతానంది. నా నోటి వల్లే ఆమె పోతోందని నాకు తెలుసు. ఆ పది రోజులూ బడి నుంచి రాగానే ఆ పెట్టె మీదెక్కి కూర్చునేదాన్ని. చదువు అక్కడే, తిండి అక్కడే. నేను కూర్చుని ఉంటే ఎవరూ దాన్ని కదిలించలేరని నా నమ్మకం.

సారు వచ్చాడు. జేజి బొరుగులతో ఉగ్గాని కలిపి పెట్టి, పైన పెద్దమ్మ ఇచ్చిన పొడి చల్లింది. ఆయన రెండోసారి అడిగి వేయించుకుని, చెయ్యి కడుక్కుని కాగితం తీశాడు.

“ఏం లేదమ్మా. బాడుగ ఇయ్యకుండా ఈడ ఊరికే ఉండానని రాసి సంతకం పెట్టు. పాత రాయితీ మళ్లా వస్తాది.”

పెద్దమ్మ కలం తీసుకుంది. “నేను” అని రాసింది. ఆ తర్వాత చెయ్యి కదల్లేదు. జేజి గోడవైపు తిరిగింది. పెద్దమ్మ కళ్లు తుడుచుకుని మళ్లీ కాగితం మీదికి వంగింది.

“సారూ, పొడి బాగుండెనా?” అన్నాడు జేజినాయన.

“శానా బాగుండాది పెద్దాయనా.”

“అది ఆమె ఇచ్చిన బాడుగ. మీరే రెండు మార్లు ఏసుకుంటిరి. ఇంగ ఊరికే ఉండాదని ఎట్ల రాపిస్తారు?”

సారు తెల్లబోయి చూసి, పగలబడి నవ్వాడు. “గిన్నెడు పొడిని నేను ఏ గడిలో రాసేదప్పా?”

“బాడుగిల్లని రాసినారు గదా. అట్లే ఉండనీండి.” జేజినాయన ఆ కాగితాన్ని పెద్దమ్మ చేతి కింద నుంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

సారు వెళ్లాడు. పెద్దమ్మ వచ్చి నా ముందు నిలబడి, “దిగు పాపా, లోపల పెట్టల్ల” అంది. పెట్టెకు అటు చెవి ఆమె పట్టింది, ఇటు చెవి నేను.

తర్వాతి నెల ఒకటో తేదీ గడప మీద రెండు గిన్నెలున్నాయి.

“ఇదేందే, రెండు?” అంది జేజి.

“పన్ను పెరిగినాక బాడుగ పెరగకుంటే ఎట్లత్తా?”

ఆమె కన్నుమూసేదాకా ఆ రెండు గిన్నెలూ తప్పలేదు, మా ఇంటికి ఎక్కువ పన్నూ తప్పలేదు. ఇప్పుడు ఆ గదులు లేవు, అరుగూ లేదు. అక్కడ మా కారు నిలబడుతోంది. మొన్న ఏప్రిల్లోనే పన్ను కట్టేశాను, ముందుగా కట్టినందుకు కొంత తగ్గించారు. కూర్చున్నచోటి నుంచి కదలకుండా ఫోనులోనే పని అయిపోయింది. ఒక్క మనిషి కూడా వచ్చి మా తలుపు తట్టలేదు. ఉగ్గాని కలపాల్సిన అవసరమూ పడలేదు.