కుంకుడుకాయతో కడిగిన ఫిల్టరు

మా తోడికోడలి చేతులు చూస్తే నాకు కడుపు మండేది. మెత్తగా, నునుపుగా, అప్పుడే కడుక్కున్నట్టు ఉండేవి. మా ఊళ్లో ఆ రోజుల్లో తడి చేతులంటే మాటలు కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో వానలు వరసగా మొహం చాటేశాయి. బోర్లు ఎండిపోయి, ట్యాంకరు వచ్చిన రోజే ఊరికి నీళ్లు. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు తొలిచి, ఆ గిన్నెలు తొలిచిన నీళ్లు గేదెకు పెట్టేవాళ్లం. అలాంటి ఊళ్లో పొద్దంతా నీళ్లలో చేతులు పెట్టుకుని జీతం తీసుకునే మనిషి సొంత ఇంట్లోనే ఉంటే ఎవరికైనా కుళ్లు పుడుతుంది. నాకు ఇంకొంచెం ఎక్కువ పుట్టింది.

ఆ నీళ్లు కళ్యాణదుర్గం రోడ్డు పక్కన గుట్ట మీద బంగళావి. దాని యజమాని బెంగుళూరులో ఉండే కాంట్రాక్టరు. శనివారాలు భార్యతో, చుట్టాలతో దిగేవాడు. మా ఆయనా మరిదీ వాళ్ల దానిమ్మ తోటలో పని చేసేవాళ్లు. నేను బంగళా ఊడ్చి, వంట చేసి పెట్టేదాన్ని. వాళ్ల బోరు ఎంత లోతుకు పోయిందో గానీ, మా ఊరి బోర్లన్నీ ఎండినా అది మాత్రం పోస్తూనే ఉండేది.

ఒక ఏడాది బంగళా వెనక గదిలో వేన్నీళ్ల తొట్టి పెట్టించారు. నలుగురైదుగురు కాళ్లు చాపుకుని కూర్చునేంత పెద్దది. మీట నొక్కితే అడుగు నుంచి నీళ్లు ఉడుకుతున్నట్టు పైకి తన్నేవి. అందులో నీళ్లు వారాల తరబడి మార్చరు, అందుకే దానికి ఫిల్టరు. మూరెడు పొడుగున తెల్లగా, గుండ్రంగా, చుట్టూ చీర కుచ్చిళ్లలాగా మడతలతో ఉండేది. మనుషుల ఒంటి జిడ్డు, నూనె, వెంట్రుకలు అన్నీ ఆ మడతల్లో చిక్కుకుంటాయి. దాన్ని సరిగ్గా కడక్కపోతే తొట్టి నీళ్లు రెండు వారాల్లో పాచి కంపు కొడతాయి.

కడగడం ఎలాగో నేర్పడానికి బెంగుళూరు నుంచి మెకానిక్ వస్తున్నాడని, నన్ను పొద్దున్నే రమ్మని మేడమ్ చెప్పింది. మేడమ్ అంటే యజమాని భార్య. సరిగ్గా ఆ పొద్దునే ట్యాంకరు వచ్చింది. అత్తకు మోకాళ్ల నొప్పులు. కొత్త కోడలు ఆ బిందెల కొట్లాటలో నిలవలేదని చెప్పి, అత్త నన్ను ట్యాంకరు దగ్గర నిలబెట్టి నా తోడికోడలిని బంగళాకు పంపింది. నేను ఇంటిల్లిపాదికీ నీళ్లు పట్టుకొచ్చేసరికి ఆమె నా పని పట్టుకొచ్చింది.

అప్పటి నుంచి తొట్టి గది ఆమెది. ప్రతి సోమవారం, చుట్టాలు వెళ్లిపోయాక, మోటారు ఆపి ఫిల్టరు బయటికి తీసేది. దాని బదులు రెండోది పెట్టేది. తీసినదాన్ని గిన్నెలు కడిగే గట్టు మీద నిలబెట్టి, పైపు ఏటవాలుగా పట్టుకుని, ఒక్కో మడతా వేలితో విప్పుతూ పై నుంచి కిందికి నీళ్లు కొట్టేది. బ్రష్షు తగిలితే మడతలు చిరుగుతాయట, అందుకని వేళ్లే. నెలకోసారి బకెట్ నీళ్లలో మెకానిక్ ఇచ్చిన మందు కలిపి నానబెట్టేది. తర్వాత నీడలో ఆరబెట్టేది. నేను చీపురు పట్టుకుని కిటికీ అవతల నిలబడి చూసేదాన్ని. తప్పు ఏదైనా దొరుకుతుందేమోనని చూసేదాన్ని గానీ, దొరికేది కాదు.

నా కళ్ల ముందే అంతంత నీళ్లు మడతల్లోంచి దూకి కరివేపాకు చెట్టు పాదులోకి పోయేవి. ఆ చెట్టును చూసినా నాకు ఒళ్లు మండేది. మా ఇంటి కనకాంబరాలు ఎండి పుల్లలైపోయాయి, అది మాత్రం ఏపుగా పెరిగి బంగళా గోడ దాటింది.

ఒట్టి కుళ్లే అయితే ఏదో ఒకటిలే అనుకుని ఊరుకునేదాన్ని. కానీ కాంపౌండులో కొత్తగా ఒక గది కట్టించారు. చిన్న గదే. కానీ లోపల కొళాయి ఉంది, తిప్పితే ఆ బోరు నీళ్లు. తొట్టిని ఎవరు బాగా చూసుకుంటారో వాళ్లకే ఆ గది ఇస్తానని మేడమ్ అంది. ఆ మాట విన్న రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. బిందెలు మోసి మోసి నా నడుం పడిపోయింది. ఊళ్లో నీళ్ల కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నదాన్ని నేను. కొళాయి మాత్రం ఆమెకు పోతుంది. మా ఆయనతో ఈ మాట అంటే, చిన్నపిల్ల కదా ఏమైతాదిలే అన్నాడు. చిన్నపిల్ల అని వెనకేసుకొచ్చినందుకు ఆయన మీద కూడా వారం రోజులు అలిగాను.

అంతలో ఆమె పురిటికి పుట్టింటికి వెళ్లాల్సి వచ్చింది. వాళ్లది విడపనకల్లు వైపు. వెళ్లే ముందు నన్ను కూర్చోబెట్టి ఫిల్టరు పని మొత్తం చూపించింది. ఏదీ దాచుకోలేదు. దాచుకుని ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో. చివర్లో రెండే మాటలు చెప్పింది: "సబ్బు మాత్రం తగలనియ్యొద్దక్కా. నీళ్లు ఎంత పడితే అంత పోయాల, ఎనక్కి తియ్యొద్దు."

తొట్టి గది నా చేతికొచ్చింది. మూడు నెలలు ఆమె చేసినట్టే చేశాను, నాకు తెలిసినంతలో. అయినా ఫిల్టరు పసుపు పచ్చగా మారిపోతూ వచ్చింది. ఒక శనివారం మేడమ్ దాన్ని చేతిలోకి తీసుకుని, ఆ అమ్మాయి ఉన్నప్పుడు తెల్లగా ఉండేది కదా అంది. వచ్చే వారం వాళ్ల కొత్త వియ్యంకులు వస్తున్నారని, అంతా శుభ్రంగా ఉండాలని కూడా అంది. ఆ రెండో మాట నా చెవికెక్కలేదు. మొదటి మాటే వారమంతా నన్ను పొడిచింది.

మా పుట్టిల్లు ధర్మవరం. మగ్గం మీద పట్టు నేసే ఇల్లు. పట్టుబట్ట జిడ్డు పోవాలంటే మా అమ్మకు తెలిసింది ఒక్కటే, కుంకుడుకాయ. కాయలు కొట్టి, గింజలు తీసేసి, నానబెట్టి, పిసికి, ఆ రసాన్ని బట్టలో వడగట్టి అందులో ముంచితే ఎంత మాసిన పట్టైనా మెరిసేది. సబ్బు వద్దంది గానీ కుంకుడుకాయ వద్దనలేదు కదా అనుకున్నాను. ఆమెకు తెలియనిది నాకు ఒకటైనా తెలుసని పొంగిపోయాను కూడా. ప్రతి మడతలోకీ రసం పట్టించి వేళ్లతో రుద్దాను. ఫిల్టరు కొత్తదానిలా తెల్లగా వచ్చింది.

ఇక జాడించాలి. పైపు తిప్పాను. నీళ్లు ధారగా పడి కాలువలోకి పోతుంటే నా చేయి దానంతటదే కొళాయి కట్టేసింది. జీవితమంతా ముంతతో కొలిచి వాడిన చేయి అది. పట్టుచీరను జాడించినట్టే అర బకెట్ నీళ్లలో రెండుసార్లు ముంచి తీసి, చాల్లే అనుకుని ఆరబెట్టాను.

వియ్యంకులు వచ్చారు. తొట్టిలో దిగి మీట నొక్కారు. నేను వంటింట్లో వంకాయ కూర దించుతున్నాను. అరుపులు వినపడి వెళ్లేసరికి తొట్టిలో మనుషులు మెడ దాకా నురగలో ఉన్నారు. అది పొంగి అంచు దాటి, మెట్లు దిగి, గది బయటికొచ్చింది. ఇల్లంతా తలంటు వాసన. పెళ్లికొడుకు తండ్రి నెత్తి మీద నురగ టోపీలాగా నిలబడింది. నాకు నవ్వు రాలేదు, ఏడుపే వచ్చింది. ఆ నురగలో నా కొళాయి గది కొట్టుకుపోవడం నాకు స్పష్టంగా కనపడింది.

మేడమ్ కేకలు వేయలేదు, మొహం తిప్పుకుంది. ఫోన్లో మెకానిక్, తొట్టి మొత్తం ఖాళీ చేసి, ఫిల్టరు నురగ రాకుండా పోయేదాకా కడగాలన్నాడు. తొట్టెడు నీళ్లు కాలువలో పారుతుంటే చూసిన అత్త, ఆ నీళ్లతో ఊరంతా తలంటు పోసుకునేదని గొణిగింది. గది సంగతి సోమవారం తేలుస్తానని చెప్పి మేడమ్ ఉండిపోయింది.

ఇంకో నెల పుట్టింట్లో ఉండాల్సిన మనిషి, మరిది ద్వారా కబురు తెలిసి, సోమవారం పొద్దున్నే బస్సు దిగింది. చంకలో బిడ్డ. బిడ్డను అత్తకిచ్చి నేరుగా గట్టు దగ్గరికి వెళ్లి ఫిల్టరు ముందు కూర్చుంది. పైపు పెట్టి మధ్యాహ్నం దాకా మడత మడతా విప్పి కడిగింది. మేడమ్ వచ్చి నిలబడి, ఇది ఎవరు చెప్పిన తెలివి అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆమె లేచి నిలబడింది.

"నేనే చెప్పినా మేడమ్, కుంకుడుకాయతో కడుగు అని. అక్క నేను చెప్పినట్టు చేసింది, అంతే."

మేడమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తెలియకుండా చెప్పేవాళ్లకంటే చెప్పింది చేసేవాళ్లే నయమని అంది. కొళాయి గది తాళం చెవి నా చేతిలో పెట్టింది. తొట్టి పని కూడా ఇకమీదట నాదే అంది.

మేడమ్ లోపలికి వెళ్లాక ఆమెను పట్టుకుని, ఎందుకట్ల చెప్పినావని నిలదీశాను. మాట కూడా కటువుగానే వచ్చింది. ఆమె పైపు చుట్ట చుడుతూ, నా మొహం చూడకుండా అంది: "మెకానిక్ వచ్చిన పొద్దు నువ్వు ట్యాంకరు కాడ నిలబడింటివి. నేను ఈడికొచ్చినా. అప్పట్నుంచీ ఇది నీ పనే అని నాకు తెలుసక్కా."

అన్నాళ్లూ ఆ పొద్దు జరిగింది నా ఒక్కదానికే గుర్తుందని అనుకున్నాను. దాన్ని నాలోనే పెట్టుకుని, రోజూ తీసి చూసుకుని, మళ్లీ పెట్టుకునేదాన్ని. ఆమె కూడా దాన్ని మోస్తోందని తెలిసేసరికి నాకంటూ ఏమీ మిగల్లేదు.

ఆ గదిలో చాలా ఏళ్లున్నాం. తొట్టి మందు నీళ్లకు నా వేళ్లు పగిలి, గోళ్ల చుట్టూ తోలు లేచింది. ఆమె చేతుల నునుపు నీళ్ల వల్ల వచ్చింది కాదని, పుట్టుకతోనే అంతని అప్పుడు అర్థమైంది. దానికీ నాకు కుళ్లే వచ్చింది.

ఆమె సాయంత్రాలు చంకన బిడ్డతో, చేతిలో బిందెతో వచ్చి, నా పని అయ్యేదాకా గుమ్మం బయట నిలబడేది. లోపలికి రమ్మన్నా రాదు. నేను కొళాయి కింద సగం నిండిన నా బిందె పక్కకు జరిపి ఆమెది పెట్టేదాన్ని. "వద్దక్కా, నీది నిండనీ" అనేది. ఎంత మెత్తగా అనేదంటే, రేపు ఆమె కంటే ముందు నేనే, నీది నిండనీ అనాలని ప్రతి రోజూ అనుకునేదాన్ని. నాకు ఒక్కరోజు కూడా చేతకాలేదు.