మిగతా చేపలేవి?

మీ ఇంట్లో పిల్ల ఉన్నట్టుండి అన్నం మానేస్తే, దిష్టి తగిలిందని ఉప్పు తిప్పి పోస్తారే గానీ, దాని ఫోన్ ఏం చెప్పిందో ఎప్పుడైనా అడిగారా?

నిన్న ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్తున్న బస్సులో, నా పక్కన కూర్చున్న లావుపాటి కాలేజీ అమ్మాయి సీసా మూత తీసింది. గుప్పున వెనిగర్ ఘాటు. ఆ వాసనకు సుభద్ర మేడం గుర్తొచ్చారు. ఇంటర్‌లో మాకు జువాలజీ చెప్పారామె.

అప్పుడు క్లాసులో అందరికంటే నేనే లావు. పెళ్లిళ్లలో చుట్టాలు “ఏ మిల్లు బియ్యమే నీది?” అని నవ్వేవారు. ఎలా తగ్గాలో ఒక్కరూ చెప్పలేదు. ఫోన్ చెప్పింది. ఎవరో యువతి తన పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి, అన్నం మానేసి పరగడుపున వెనిగర్ నీళ్లు, రెండు పూటలా తానమ్మే పొడి తాగమంది. నాన్న మారుమాట లేకుండా ఆ పొడి తెప్పించారు. ఒకరోజు ల్యాబ్‌లో కళ్లు తిరిగి పడిపోయాను.

మేడం నాన్నకు కబురు పెట్టారు. ఆయన కొల్లేటి పక్కన చేపల చెరువులు చేసేవారు. కంగారుగా వచ్చి, నా ఫోన్ తీసుకుని ఆ రెండు ఫోటోలనే సాక్ష్యంగా చూపించారు. మేడం వాటిని చూసి నెమ్మదిగా అడిగారు.

“ఏవండీ, మేత అమ్మేవాడొచ్చి ఒక్క పెద్ద చేప ఫోటో చూపిస్తే మీ చెరువుకి మేత మార్చేస్తారా?”

“అదెలాగండీ? ముందు ఏ చెరువో కనుక్కుంటాం. వల వేయించి చూస్తాం. ఎన్ని చచ్చాయో అడుగుతాం.”

“మరి ఇందులో మిగతా చేపలేవండీ?”

నాన్న ఆ ఫోటోల కింద వెతికారు; పొడి తాగిన మిగతావాళ్ల ఊసే లేదు. ఫోన్ నాకిచ్చేశారు. చెరువు గట్టు మీద అంత పదునుగా ఉండే వివేకం ఇంటి గడప దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? ఆ ప్రశ్న నన్నిప్పటికీ వదల్లేదు.

ఇక మేడం నన్ను తిడతారనుకున్నాను. “నీ తప్పేం లేదమ్మా. మేమంతా నవ్వాం, ఫోన్ జవాబు చెప్పింది. నమ్మక ఏం చేస్తావు?” అన్నారు. నన్ను చూసి నవ్వని మనిషి కూడా ఆ నవ్వులో తననూ కలుపుకున్నారు. అప్పుడు ఏడ్చాను.

మర్నాడు తనే మమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన రక్తపరీక్షలు చేయించి, పొడి మాన్పించి, కంచంలో అన్నం కాస్త తగ్గించి పప్పూ కూరా పెంచమన్నారు. నేను నాజూకుగా మారిపోలేదు. కొంత తగ్గాను, కళ్లు తిరగడం పోయింది, అడగడం వచ్చింది.

బస్సులో సీసా సంగతి అడిగితే ఆ అమ్మాయి తన ఫోన్ చూపించింది. మళ్లీ అవే రెండు ఫోటోలు, మనిషే వేరు. దిగేలోగా నేను మేడం ప్రశ్న ఒక్కటే అడగగలిగాను. ఆమె సీసా మూత బిగించి ఆలోచనలో పడింది.

మిగిలింది మీ వంతు. ఈ పూటే మీ పిల్ల పక్కన కూర్చోండి. నవ్వకండి, ఫోన్ లాక్కోకండి. తను నమ్మిన వీడియో ఏదో చివరిదాకా చూసి, మిగతా చేపలేవో ఇద్దరూ కలిసి వెతకండి.