అందరూ కూర్చున్నాకే

మా బాబుకి తన చేత్తో అన్నం తినడం నేర్పడానికి వాడి బడికి రెండేళ్లు పట్టింది. అది మరిపించడానికి మా అత్తగారికి నెల కూడా పట్టలేదు!

అప్పటికి వాడికి ఏడేళ్లు. ఇంకా మాటలు రాలేదు, ఏది నేర్చుకున్నా నిదానమే. గవర్నర్‌పేటలో అలాంటి పిల్లల కోసం నడిపే చిన్న బడికి వెళ్లేవాడు. కరోనాకి ఆ బడి మూసేయగానే పామర్రులో మా అత్తగారింటికి వచ్చేశాం. ఆవిడ మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ముద్దపప్పులో నెయ్యి కలిపి గోరుముద్దలు పెట్టడం మొదలుపెట్టారు. వద్దంటే, "నోరులేని పసివాడమ్మా, వాడికేం తెలుసు?" అనేవారు. వాడు హాయిగా నోరు తెరిచేవాడు, చెయ్యి మాత్రం కదిపేవాడు కాదు. నాకు ఒళ్లు మండిపోయేది. బడి తెరిచేసరికి అంతా మళ్లీ మొదటికొస్తుందేమోనని భయం కూడా వేసేది.

చివరికి వాళ్ల టీచరుగారికి ఫోన్ చేశాను.

"ఇంట్లో వాడొక్కడికే పెడుతున్నారాండీ? ఇక్కడ అందరం బంతిలో కూర్చున్నాకే బెల్లు కొడతాం. అప్పుడే ముద్ద ముడతాడు," అన్నారావిడ.

అంతే! ఆ మధ్యాహ్నమే హాల్లో చాప పరిచాను. మామగారు, మావారు, నేను, బాబు వరసగా కూర్చున్నాం. అత్తగారు వడ్డించారు. మావారు స్టీలు గ్లాసు మీద గరిటెతో టంగుమని కొట్టారు. వాడి కళ్లు మెరిశాయి! కానీ చెయ్యి కంచంలోకి వెళ్లలేదు. పెరుగు గిన్నెతో నిలబడ్డ నానమ్మను చూసి, పక్కనున్న ఖాళీ చాపను అరచేత్తో తట్టాడు.

"నేను తర్వాత తింటాలే నాన్నా, మీరు కానివ్వండి," అన్నారావిడ. కాపురానికి వచ్చిన నాటి నుంచీ అందరూ లేచాకే తినడం ఆవిడ అలవాటు. వాడు వింటేగా! కుచ్చిళ్లు పట్టుకుని లాగాడు.

"కూర్చోవే, పిల్లాడు ఆకలితో ఉన్నాడు," అన్నారు మామగారు. ఆవిడ సిగ్గుపడుతూనే కూర్చున్నారు. నేను కంచం పెట్టి వడ్డించాను. గ్లాసు మళ్లీ మోగింది.

వాడు అన్నం కలిపాడు! సగం చాప మీద పోసుకుంటూనే ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "తిన్నాడు, తిన్నాడు!" అని నేను చిన్నపిల్లలా అరిచాను. మామగారు చప్పట్లు కొట్టారు.

అత్తగారు ఆనందం పట్టలేక, తన కంచంలోంచి ఓ ముద్ద కలిపి వాడి నోటి దగ్గరికి తెచ్చారు. వాడు నోరు తెరవలేదు. ఆవిడ మణికట్టు పట్టుకుని, ఆ ముద్దను మెల్లగా ఆవిడ నోటివైపే తిప్పాడు.